సుమారు

సెతూబల్ రేవుకి రెండు వీధుల ఇవతల
పౌరసేవల కార్యాలయం గోడ మీద వెలిగే
ఆ ఎర్ర అంకె నాది.
నన్నెవరూ చూడరు. వెనక గదిలో
జిరాక్స్ మిషన్‌కీ, తెరుచుకోని కిటికీకీ మధ్య కూర్చుని
ఎవరు ఎంతసేపు కూర్చోవాలో చెబుతుంటాను.

లెక్క పెద్దదేం కాదు.
ముందున్న తలలు, తెరిచిన కౌంటర్లు,
ఒక్కో పనికి పట్టే సగటు కాలం.
సగటుకి లొంగనివే ఎక్కువ.
బెల్మీరా కొడుక్కి జ్వరమొస్తే
మూడో కౌంటర్లో కుర్చీకి తగిలించిన ఆమె స్వెటరే డ్యూటీ చేస్తుంది.
భర్త పేరు కొట్టివేయించడానికి వచ్చినవాళ్ళు
పెన్ను పట్టుకున్నాక కాసేపు ఏమీ రాయరు.
ఆ కాసేపుకి నా పట్టికలో గడి లేదు.

మొదటి వారం నిజం చెప్పాను: యాభై రెండు.
అంకె చూసి ఏడుగురు లేచారు,
త్రోయా పడవ వేళయిందని ఇద్దరు,
పొయ్యి మీద కూర గుర్తొచ్చి ఒకావిడ,
మిగతావాళ్ళు ఊరికే, పక్కవాళ్ళు లేచారు గనక.
ఉన్నవాళ్ళని ముప్పై ఒకటికే పిలిచేశారు.
నిజం చెప్పి అబద్ధాలకోరునయ్యాను.

రెండో వారం ఆ ముప్పై ఒకటే వేశాను.
ఒక్కరూ కదల్లేదు.
యాభై రెండు పట్టింది.

"పది కలిపి చెప్పవయ్యా" అన్నాడు ఒతావియు, మా పై అధికారి,
"ముందే పిలిస్తే మురిసిపోతారు."
ముందు 'సుమారు' అనైనా రాద్దామన్నాను.
బోర్డులో రెండు అంకెలకే చోటుందట, మాటకి లేదట.
నిజమే.
ఆరు నూరైనా ఆ బోర్డు తొంభై తొమ్మిది దాటదు.

అసలు నా లెక్కని చెడగొట్టింది యులాలియా.
ప్రతి మంగళవారం వస్తుంది, టికెట్టు లాగుతుంది,
హీటర్ పక్కన కూర్చుంటుంది.
తన నంబరు పిలిస్తే లేవదు.
మూడుసార్లు పిలిచి, 'వెళ్ళిపోయారు' అని రాసుకుంటుంది కంప్యూటర్.
ఆవిడ మరో టికెట్టు లాగుతుంది.
ఒకే మనిషి ఒకే పూట నాలుగుసార్లు వెళ్ళిపోవడం
ఏ సూత్రంలో ఇమడుతుంది?

ఒకరోజు గది దాటి బయటికొచ్చి అడిగాను.
ఉప్పు తినేసిన వేళ్ళతో టికెట్టు మడుస్తూ చెప్పింది:
"చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు.
పడవ రాగానే సైరన్.
అర్ధరాత్రి కానీ, పిల్లకి పాలిస్తుండనీ,
మోగితే పరుగే.
ఎప్పుడు మోగుతుందని ఎవరూ చెప్పలేదు నాయనా.
ఎంతసేపని అడిగే నోరు మాకు లేదు.
ఇక్కడ గోడే చెబుతుంది."

అది తప్పు చెబుతుందండీ అన్నాను, గొంతు తగ్గించి.

"తెలుసు. రోజూ చూస్తున్నాగా.
చెబుతుంది కదా."

తలుపేసుకుని చాలాసేపు తెర ముందు కూర్చున్నాను.
ఆవిడ టికెట్లని లెక్కలోంచి తీసేస్తే
అందరికీ నాలుగు నిమిషాలు తగ్గేవి.
తీయలేదు. ఎందుకో ఒతావియుకి చెప్పలేను.

మరుసటి మంగళవారం ఆఫీసు తెరవకముందే
కాగితమ్ముక్క మీద 'సుమారు' అని రాసి
నిచ్చెనెక్కి, అంకెకి ముందు టేపుతో అంటించాను.
పదకొండింటికల్లా హీటర్ వేడికి టేపు వదిలి
తిరుగుతూ తిరుగుతూ ఆవిడ ఒళ్ళో పడింది.
చదివింది.
టికెట్టుతో కలిపి మడిచి సంచిలో వేసుకుంది.

సి నలభై ఏడు, రెండో కౌంటర్.
సి నలభై ఏడు.
సి నలభై ఏడు.

సి నలభై ఎనిమిది.